గుమ్మడికాయల దొంగ అంటే భుజాలే ఎందుకు తడుముకోవాలి?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ప్రశ్న:
ఒక హత్య కేసు వార్తకు "భుజాలు తడుముకుని దొరికిపోయాడు" అని హెడ్డింగ్ పెట్టారు. సామెత చిన్నప్పటి నుంచీ వింటున్నదే. కానీ భుజాలే ఎందుకు? జేబులు తడుముకోవచ్చుగా? పైగా ఇలా తడుముకుంటే కోర్టులో అది సాక్ష్యమవుతుందా?

హబ్సిగూడ అక్క:
అది కూర గుమ్మడి కాదండీ, బూడిద గుమ్మడి. గుమ్మానికి కట్టేది, వడియాలు పెట్టేది. ముదిరిన కాయ మీద తెల్లటి పొడి ఉంటుంది, చెయ్యి వేస్తే అంటుకుంటుంది. అంత కాయని భుజాన వేసుకుని మోయాలి మరి. "దొంగ భుజానికి బూడిద అంటింది" అని ఊరి పెద్ద ఊరికే ఒక మాట విసిరాడట, దొంగ చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయిందట. మా ఇంట్లో చెప్పే కథ ఇది.

నాంపల్లి వకీలు:
బాగా చెప్పారమ్మా. ఈ సామెతలో రెండు సాక్ష్యాలున్నాయి. మనమంతా బలహీనమైనదాన్నే పట్టుకుని వాడుతున్నాం. తడుముకోవడం ప్రవర్తన. 1872 సాక్ష్య చట్టంలో 8వ సెక్షన్, దాని స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 6వ సెక్షన్. కోర్టు దాన్ని వింటుంది, కానీ అదొక్కటే చూసి శిక్ష వెయ్యదు. పోలీసులంటే భయంతో పరారయ్యే అమాయకులు బోలెడుమంది.

అసలు సరుకు బూడిద. లియాన్‌లో 1910లో పోలీసు ల్యాబ్ పెట్టిన ఎడ్మండ్ లోకార్డ్ పేరు మీద చెలామణీ అయ్యే సూత్రం కూడా ఇదే: రెండు తగిలితే ఒకదాని ఆనవాలు రెండోదాని మీద మిగులుతుంది. మన క్లూస్ టీమ్ వాళ్లు గదిలో వెతికేదీ దాన్నే.

కళ్లారా చూసినవాడు లేని హత్యలో పీపీ, అంటే ప్రభుత్వం తరఫు వకీలు, ముక్క ముక్కా పేర్చుకుంటూ రావాలి. చనిపోయిన మనిషి చివరిగా ఎవరితో కనిపించాడు, తర్వాత ఎంతసేపటికి శవం దొరికింది, పాత గొడవేంటి, ఫోను ఏ టవర్ కింద ఉంది, చొక్కా మీద రక్తం ఎవరిది. 1984లో శరద్ బిర్ధీచంద్ సర్దా కేసులో సుప్రీంకోర్టు దీనికి ఐదు సూత్రాలు చెప్పి, వాటిని "పంచశీల" అంది. ప్రతి ముక్కా విడిగా రుజువు కావాలి, అన్నీ కలిశాక ఇతను నేరం చేశాడన్నది తప్ప ఇంకో వివరణకు చోటుండకూడదు, గొలుసు తెగకూడదు. పుణెలో ఒకావిడ సయనైడ్‌తో చనిపోయిన కేసది. ఆత్మహత్య కాదని తేల్చలేకపోయారు. కింది కోర్టు ఉరిశిక్ష వేసిన మనిషి బయటికొచ్చాడు.

కార్వాన్ తమ్ముడు:
మరి గా బూడిద ఎవలికైన అంటుతది గద సార్? మార్కెట్ల కాయలు దించే హమాలీ భుజం మీద గూడ ఉంటది. గాయన దొంగ అయితడా?

నాంపల్లి వకీలు:
కాడు తమ్మీ, డిఫెన్స్ అడిగేదే అది. శవాన్ని లేపబోయినప్పుడు రక్తం అంటిందేమో! బూడిద "తగిలింది" అని మాత్రమే చెబుతుంది. పోలీసుల దగ్గర ఒప్పుకోలు సంగతీ అంతే. గుంటూరు జిల్లా నుంచి ప్రీవీ కౌన్సిల్ దాకా, అంటే బ్రిటిష్ కాలంలో లండన్‌లో ఉన్న ఆఖరి కోర్టు దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసు ఏఐఆర్ అనే తీర్పుల పుస్తకంలో, 1947 సంపుటిలో ఉంది. ముద్దాయి ఒకడు "అందరం కలిసి కొట్టి చంపాం, బల్లెం ఫలానావాళ్ల వామిలో దాచాను, వస్తే చూపిస్తా" అన్నాడు. దాచిన చోటు, అది ఇతనికి తెలుసన్న సంగతి, ఈ రెండే పనికొస్తాయి, చంపామన్న మాట పనికిరాదన్నారు. ఇంటికప్పులో దాచిన కత్తిని చూపిస్తే కత్తిని కనిపెట్టినట్టు కాదు, కత్తుల్ని ఏనాడో కనిపెట్టారు అని జడ్జీలు చురక కూడా వేశారు.

రెడ్‌హిల్స్ ఫోరెన్సిక్ ల్యాబులో రిటైరైన పెద్దాయన:
నా మాట ఒకటి. ల్యాబుకు చేరేలోపే పాడయ్యే కేసులున్నాయి. రక్తం తడి ఆరని చొక్కాని పాలిథిన్ కవర్లో కుక్కితే బూజు పట్టి డీఎన్‌ఏ పోతుంది. నీడన ఆరబెట్టి, కాగితం కవర్లో పెట్టి, మధ్యవర్తుల సంతకాల చీటీ అంటించి, లక్క సీలు వెయ్యాలి. 1995 ఢిల్లీ తందూర్ కేసులో కాలిన శవం ఎవరిదో తల్లిదండ్రుల రక్తంతో పోల్చి తేల్చింది మన హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీయే. అయినా ఆ రిపోర్టు చెప్పింది చనిపోయిందెవరో. చంపిందెవరో మిగతా సాక్ష్యం చెప్పాలి.

కార్వాన్ తమ్ముడు:
మధ్యవర్తులంటే పెండ్లి సంబంధాలోల్లా సార్?

నాంపల్లి వకీలు:
కాదు తమ్మీ, పంచనామాకు పిలిచే పంచ్ సాక్షులు. మన చార్జిషీట్లలో మధ్యవర్తులనే రాస్తారు. రోడ్డున పోయేవాడు భయపడి రాడు కాబట్టి తరచూ ఏ ఆఫీసు ఉద్యోగినో పట్టుకొస్తారు. ఏళ్ల తర్వాత అతను బోనెక్కి "స్టేషన్లో కూర్చోబెట్టి సంతకం చేయించుకున్నారు" అన్నాడనుకో, కత్తి అక్కడే ఉన్నా పీపీకి చెమటలు పడతాయి.