భుజం పట్టేసింది: సూది వేయించాలా, వ్యాయామంతోనే సరిపెట్టాలా?

ప్రొద్దుటూరు అమ్మాయి:
మా అమ్మకు 54 ఏళ్లు, షుగర్ ఉంది. మూడు నెలలుగా కుడి భుజం పట్టేసింది. సంగటి గెలకలేదు, జడ వేసుకోలేదు, జాకెట్టు తొడగాలన్నా నేనే చెయ్యి ఎత్తిపట్టాలి. రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలితే చాలు, లేచి కూర్చుంటుంది. కడపలో ఎముకల డాక్టరుకు చూపిస్తే ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు, కీలులోకి స్టెరాయిడ్ సూది వేద్దామన్నారు. ఫిజియో దగ్గరికి పోతే సూది అక్కర్లేదు, వ్యాయామాలతోనే వదులుతుందన్నారు. మా పెద్దమ్మేమో పుత్తూరు పోయి కట్టు కట్టించుకుని రమ్మంటుంది. ఎవరి మాట వినాలి?

కడప మాస్టారు:
సూది వద్దు తల్లీ. స్టెరాయిడ్ పడితే షుగర్ ఎగదన్నుతుంది. మా ఇంటామెకు ఇదే జబ్బు వచ్చింది. గోడ మీద వేళ్లు పాకించడం, వీపు వెనక తువ్వాలు పట్టి లాగడం, వేడినీళ్ల కాపడం, అంతే. రెండేళ్లకు దగ్గరగా పట్టింది గానీ చెయ్యి పూర్తిగా లేచింది. తనంతట తాను వదిలే జబ్బుకు కీలులోకి మందు దేనికి? సూదితో నొప్పి తగ్గగానే వ్యాయామం గాలికొదిలేసి, మళ్లీ మొదటికి వచ్చినవాళ్లను మా వీధిలోనే చూశాను.

అనంతపురం ఫిజియో:
మాస్టారు గారూ, నేను వ్యాయామాలు చేయించి బతికేదాన్ని. అయినా ఈ అమ్మకు ముందు సూదే వేయించమంటాను.

భుజం కీలును ఒక తిత్తి కప్పి ఉంటుంది. ఈ జబ్బులో ఆ తిత్తికి మొదట వాపు వస్తుంది, తర్వాత అది మందమై ముడుచుకుపోతుంది. మోచెయ్యి నడుముకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పడం అన్నిటికంటే ఎక్కువగా పోతుంది. ఇంకొకరు పట్టి తిప్పినా తిరగదు. మొదట్లో నొప్పి ఎక్కువ, రాత్రిళ్లు మరీను. తర్వాత నొప్పి తగ్గి బిగుతు మిగులుతుంది. ఆ తర్వాతే మెల్లగా వదులుతుంది. మొత్తమ్మీద ఏడాది నుంచి మూడేళ్లు పట్టొచ్చు. మూడు నెలలు, నిద్ర లేదు అంటున్నారంటే ఈమె ఇంకా నొప్పి దశలోనే ఉంది. వాపు మీద పనిచేసే మందుకు ఇదే అదను. నొప్పి పోయి ఉత్త బిగుతు మిగిలాక అదే సూది వేస్తే పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

కెనడాలో 93 మందిని నాలుగు గుంపులుగా చేసి చూశారు, 2003లో ప్రచురించారు. ఒక గుంపుకు సూదీ ఫిజియో రెండూ, ఒకదానికి సూది మాత్రమే, ఒకదానికి ఫిజియో మాత్రమే, ఇంకోదానికి ఉత్త సెలైన్ సూది. ఇంట్లో చేసుకునే వ్యాయామాలు మాత్రం అందరికీ నేర్పారు. ఆరు వారాలకు స్టెరాయిడ్ పడిన రెండు గుంపులూ ముందున్నాయి. అందులోనూ ఫిజియో తోడైనవాళ్లకు చెయ్యి త్వరగా తిరిగింది.

ఇంకో సంగతి. నొప్పి దశలో బలవంతంగా లాగించడం నాకు అసలు నచ్చదు. నెదర్లాండ్స్‌లో 77 మందిని రెండేళ్లు గమనించారు, అది 2004లో వచ్చింది. నొప్పిని దాటి సాగదీయించుకున్నవాళ్లలో 63 శాతం మందికి భుజం దాదాపు మామూలుగా అయింది. నొప్పి హద్దులోనే చెయ్యి ఊపుకుంటూ, చేతనైన పనులు చేసుకుంటూ ఉన్నవాళ్లలో 89 శాతం మందికి అయింది. పళ్లు బిగబట్టుకుని ఓర్చుకోమనే చోటికి అమ్మను తీసుకుపోవద్దు.

కడప మాస్టారు:
ఆ కెనడా సంగతి సగమే చెప్పారు మేడం. ఏడాది తిరిగేసరికి నాలుగు గుంపులూ ఒకే చోటికి వచ్చాయి కదా? సెలైన్ పడినవాళ్లు కూడా. చివరికి చేరేది అక్కడికే అయినప్పుడు షుగర్ మనిషికి స్టెరాయిడ్ ఎక్కించడం న్యాయమేనా?

ఆదోని అక్క:
చేరతారు సరే మాస్టారూ, ఆ ఏడాది రాత్రిళ్లు ఎవరు పడాలి? నేను పడ్డాను. బట్టలు కుట్టి బతికేదాన్ని, గుడ్డ పరిచి కత్తెర ముందుకు తోయాలంటే చెయ్యి సాగేది కాదు. అర్ధరాత్రి లేచి, చెయ్యి ఒళ్లో దిండు మీద పెట్టుకుని గోడకు ఆనుకుని తెల్లారబెట్టేదాన్ని. సూది పడిన కొద్దిరోజులకే కంటినిండా నిద్రపోయాను. నిద్ర పట్టాకే వ్యాయామం చేసే ఓపిక వచ్చింది. అంతకుముందు ఫిజియో చెప్పినవన్నీ కాగితం మీదే ఉండిపోయాయి. నాలాంటివాళ్లకు చెయ్యి నెల ముందు తిరిగితే నెల ముందు కూలి వస్తుంది.

కర్నూలు నర్సు:
షుగర్ గురించి మాస్టారి భయం ఉత్తది కాదు. ఈ జబ్బు మామూలు జనంలో 2 నుంచి 5 శాతం మందికి వస్తే, షుగర్ ఉన్నవాళ్లలో 10 నుంచి 20 శాతం దాకా ఉంటుందంటారు. వదలడానికీ ఎక్కువ కాలం పడుతుంది. కీలులోకి మామూలుగా వేసేది ట్రయామ్సినలోన్ గానీ మిథైల్‌ప్రెడ్నిసొలోన్ గానీ, 40 మిల్లీగ్రాములు. దానితో షుగర్ కొన్ని రోజులు పెరుగుతుంది, ఎక్కువమందికి వారంలో దిగుతుంది. నెలల తరబడి మింగే స్టెరాయిడ్ మాత్రలతో దీన్ని కలపొద్దు.

ముందు హెచ్‌బిఏ1సి, అంటే మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష, చేయించండి. బాగా ఎక్కువ ఉంటే అది దించాకే సూది. వేయించాక ఇంట్లో మిషనుతో పరగడుపున, తిన్నాక చూసుకోండి. ఇన్సులిన్ వాడుతుంటే డోసు సంగతి డాక్టరునే అడగాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే దాచకుండా చెప్పండి. జ్వరం గానీ, భుజం దగ్గర పుండు గానీ ఉంటే వాయిదా వేయాలి. వేసిన తర్వాత జ్వరం వచ్చి భుజం ఎర్రబడితే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి రండి. ఎక్స్‌రే తీయించకపోతే తీయించండి, కీలు అరిగినా చెయ్యి ఇట్లాగే తిరగదు. థైరాయిడ్ కూడా ఒకసారి చూపించండి.

పుత్తూరు కట్టు ఎముక విరిగినప్పుడు కదలకుండా ఉంచేది. ఇక్కడ ఏదీ విరగలేదు. కదలిక ఆపితే బిగుతు ఇంకా పెరుగుతుంది, పెద్దమ్మకు నచ్చజెప్పండి.

కడప మాస్టారు:
షుగర్ అదుపులో ఉంటే ఒక్క సూదికి నేను అడ్డం రాను. ఒకటి తర్వాత ఇంకోటి అంటూ పోతేనే నా పేచీ. వేసి పంపించేసి, వ్యాయామం నేర్పని చోట మాత్రం వేయించొద్దు. దీని మీద నా మాట మారదు.

అనంతపురం ఫిజియో:
ఆ మాట నేనూ ఒప్పుకుంటాను.

ప్రొద్దుటూరు అమ్మాయి:
హెచ్‌బిఏ1సి 7.4 వచ్చింది. ఎక్స్‌రే బాగుంది. డాక్టరు శుక్రవారం రమ్మన్నారు. తగ్గకపోతే మత్తిచ్చి చెయ్యి వదులు చేయడం, ఆపరేషన్ కూడా ఉన్నాయన్నారు, అమ్మ బెదిరిపోయింది. సూది తర్వాత వ్యాయామం ఎప్పుడు మొదలుపెట్టాలి?

అనంతపురం ఫిజియో:
అమ్మను బెదరొద్దని చెప్పండి. బ్రిటన్‌లో 503 మంది మీద ఆ రెండు పద్ధతులనూ, సూదితో కలిపిన ఫిజియోనూ పోల్చారు, 2020లో ఫలితాలు వచ్చాయి. ఏడాదికి ఏ ఒక్కటీ మిగతావాటిని చెప్పుకోదగ్గంతగా మించలేదు. ఆపరేషన్‌లోనే ఇబ్బందులు కాస్త ఎక్కువ.

సూది వేసినాక ఒకటి రెండు రోజులు బరువులు ఎత్తనీయకండి. తర్వాత ఎడమ చెయ్యి బల్ల మీద ఆనించి, ముందుకు వంగి, కుడి చెయ్యి వదులుగా వేలాడేసి చిన్న సున్నాలు చుట్టించండి. ఈ జబ్బుకు 1934లో ఫ్రోజెన్ షోల్డర్ అని పేరుపెట్టిన అమెరికా సర్జన్ కాడ్‌మన్ పేరుతోనే ఈ వ్యాయామాన్ని పిలుస్తారు. అది అలవాటయ్యాక పడుకోబెట్టి, రెండు చేతులతో కర్ర పట్టించి, ఎడమ చేత్తో కుడిచేతిని బయటికి మెల్లగా నెట్టించండి. రోజుకు మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి కొద్ది నిమిషాలు చాలు. చేసేటప్పుడు కాస్త లాగినట్టు ఉంటే పర్వాలేదు. ఆ రాత్రి నిద్ర చెడితే మర్నాడు సగానికి తగ్గించండి, మానేయొద్దు.