న్యూరెంబర్గ్ ఫ్రావెన్‌కిర్షే: గడియారం చూసి వచ్చేయడమేనా, లోపలికి కూడా వెళ్లాలా?

ప్రశ్న

నమస్కారం అండీ. అమ్మానాన్నలతో మ్యూనిక్ నుంచి న్యూరెంబర్గ్‌కి పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేద్దామని ప్లాన్. హాప్ట్‌మార్క్ట్ అనే మార్కెట్ చౌక్‌లో ఫ్రావెన్‌కిర్షే చర్చి గడియారం మీద మధ్యాహ్నం 12కి బొమ్మలు తిరుగుతాయట కదా. చర్చి మాత్రం యుద్ధంలో కూలిపోతే మళ్లీ కట్టారట. మరి లోపల పాతదేమైనా మిగిలిందా? నాన్నకి మోకాళ్ల నొప్పులు, అదో టెన్షన్.

జవాబు 1

మేం పక్కనే ఎర్లాంగెన్‌లో ఉంటాం. ఇంటికి చుట్టాలొస్తే వాళ్లని అక్కడ తిప్పే డ్యూటీ నాదే. నా మాట వినండి, లోపలికి వెళ్లండి.

ముందు గడియారం సంగతి. నాలుగో చార్లెస్ చక్రవర్తి 1356లో గోల్డెన్ బుల్ అనే శాసనం తెచ్చాడు. చక్రవర్తిని ఎన్నుకునే హక్కు ఏడుగురికే అని అందులో ఖాయం చేశాడు. ఆ ఏడుగురి బొమ్మలూ సింహాసనం మీదున్న ఆయన బొమ్మ చుట్టూ మూడుసార్లు తిరుగుతారు. 1509 నాటి ఏర్పాటు ఇది. పైన నీలం, బంగారు రంగుల గోళం ఉంటుంది, చంద్రుడి దశ చూపిస్తుంది. అందరూ ఫోన్లెత్తి బొమ్మలనే తీస్తుంటారు, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. చర్చి గుమ్మానికి మరీ దగ్గరగా నిలబడకండి, మెడ పట్టేస్తుంది. చౌక్ మధ్యకి జరిగితే హాయిగా కనిపిస్తుంది.

బొమ్మలు ఆగగానే జనం పలచబడతారు. అప్పుడు లోపలికి వెళ్లండి. 1352-62 మధ్య కట్టిన చర్చిలో బాంబు దాడుల తర్వాత ముందు భాగం, పక్క గోడలు మిగిలాయి. పైకప్పు, స్తంభాలు తర్వాత కట్టినవే, పని 1953కి పూర్తయింది. అంటే మీరు బయట నిలబడి చూసే ముఖం చాలావరకు పాతదే. లోపల టూహర్ ఆల్టర్ అనే పూజాపీఠం మీది చిత్రాలు 15వ శతాబ్దానివి, వాటి ముందు కాసేపు ఆగండి.

ఇంకొకటి. తూర్పు వైపు నేలలో యూదుల నక్షత్రం పొదిగి ఉంటుంది. ఈ చర్చి స్థలంలో ఒకప్పుడు యూదుల ప్రార్థనామందిరం ఉండేది. 1349లో దాని చుట్టూ ఉన్న యూదుల పేటను కూల్చేసి మార్కెట్ చౌక్ వేశారు, 562 మంది యూదుల్ని చంపేశారు. కూల్చడానికి అనుమతిచ్చింది ఎవరనుకున్నారు? పైన దర్జాగా కూర్చున్న ఆ చార్లెసే. మా చుట్టాలకి నేను బొమ్మలు చూపించి ఊరుకోను, ఆ నక్షత్రం దగ్గరికి తీసుకెళ్లి ఇది కూడా చెప్తాను. గైడ్లలో కొందరు దీన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

జవాబు 2

అంకుల్‌గారి మోకాళ్ల కోసం: స్టేషన్ నుంచి నడవక్కర్లేదు. యు1 మెట్రో ఎక్కి ఒక్క స్టాప్, లోరెంజ్‌కిర్షేలో దిగండి. అక్కడి నుంచి నది దాటితే చౌక్. దారిలోనే సెయింట్ లోరెంజ్ చర్చి కూడా ఉంది. నన్నడిగితే లోపల అదే బాగుంటుంది. ఫైట్ ష్టోస్ చెక్కిన బొమ్మలు పైనుంచి వేలాడుతుంటాయి.

జవాబు 1

లోరెంజ్ గొప్పదే, కాదనను. కానీ ఆ కథ ఈ చౌక్‌ది కదండీ.

ప్రశ్న అడిగినవారు

థాంక్సండీ ఇద్దరికీ. డిసెంబర్‌లో వెళ్తే ఎలా ఉంటుంది?

జవాబు 2

క్రిస్మస్ మార్కెట్ టైమ్‌లోనా? చౌక్ నిండా కొట్లే. గడియారం చూడొచ్చు గానీ, అంకుల్‌ని ఆ తోపులాటలోకి తేకండి. తప్పదంటే శనాదివారాలు వదిలేయండి.