నలభయ్యో పుట్టినరోజు, ఊళ్లో ఓటు: నేను వేయడం న్యాయమేనా?

ప్రశ్న: చేనుగట్టు (బెంగళూరు, 2024 ఏప్రిల్ 11)

అందరికీ నమస్కారం. ఈ రోజుతో నాకు నలభై ఏళ్లు నిండాయి. రంజాన్ సెలవు కావడంతో ఇంట్లోనే ఉన్నాను. మారతహళ్లిలోని మా అద్దె ఇంటి కింద ట్యాంకరు నుంచి సంపులోకి నీళ్లు దిగుతున్న చప్పుడు వింటూ ఇది రాస్తున్నాను. నీళ్లు లేవని కదిరి పక్క పల్లె వదిలి వచ్చినవాడిని, ఇక్కడ నీళ్లు కొనుక్కుంటూ పుట్టినరోజు జరుపుకుంటున్నాను.

సరిగ్గా ఐదేళ్ల కిందట, 2019 ఏప్రిల్ 11న, నా పుట్టినరోజూ ఆంధ్రప్రదేశ్ పోలింగూ ఒకే రోజు వచ్చాయి. ముందు రోజు రాత్రి బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో బస్సెక్కి, సీటు దొరకక బాగేపల్లి దాకా నిలబడే వెళ్లాను. మా ఊరి బడి ముందు వరుసలో నిలుచున్నప్పుడు మా అమ్మ కొంగుముడి విప్పి బెల్లం ముక్క తీసి, పది మందీ చూస్తుండగా, చిన్నపిల్లవాడికి పెట్టినట్టు నా నోట్లో పెట్టింది. ఆ ఏడు నాకు జరిగిన వేడుక అదే.

2004లో తొలి ఓటు వేసినప్పటి నుంచి నేను ఎన్నికల నుంచి కోరుకున్నది ఒక్కటే: మల్యాల దగ్గర ఎత్తిపోసిన శ్రీశైలం నీళ్లు హంద్రీ-నీవా కాలువ వెంట మా చేలదాకా రావడం. 2012లో జీడిపల్లి జలాశయానికి కృష్ణా నీళ్లు చేరినప్పుడు మా నాన్న పనిగట్టుకొని వెళ్లి చూసి, ఒక సీసాలో పట్టుకొచ్చి దేవుడి గూట్లో పెట్టారు. నాన్న పోయారు, సీసా అలాగే ఉంది, మా చేలోకి మాత్రం కాలువ నీరు ఇంకా రాలేదు.

మే 13న పోలింగు. వెళ్లాలనే ఉంది. అయితే ఉదయం మా ఆవిడ అడిగిన మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది: “పిల్లలు చదివేది ఇక్కడ, మీరు సంపాదించేది ఇక్కడ, ఊరికి పోయేది ఏడాదికి రెండు సార్లు. అక్కడి ఎమ్మెల్యే ఎవరో తేల్చడానికి మీరెవరు?” నా ఓటు చట్టప్రకారం ఎక్కడ ఉండాలో, న్యాయంగా ఎక్కడ ఉండాలో తెలిసినవారు చెప్పగలరు. పార్టీల ప్రస్తావన వద్దని మనవి.

జవాబు 1: నల్లకోటు

ముందుగా జన్మదిన శుభాకాంక్షలండి. చట్టం సంగతి చెబుతాను. 1950 ప్రజా ప్రాతినిధ్య చట్టంలోని 20వ సెక్షన్ ప్రకారం ఒక చోట సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన ఎవరూ అక్కడి ‘సాధారణ నివాసి’ (అంటే అక్కడ ఓటు నమోదుకు తగినవారు) కారు. అలాగే తాత్కాలికంగా దూరంగా ఉన్నంత మాత్రాన ఆ నివాసం పోదు. అసలు చిక్కంతా ఆ ‘తాత్కాలికం’ అన్న మాటలోనే ఉంది. మీరు ఇరవై ఏళ్లుగా తాత్కాలికంగా ఉంటున్నారా అన్నది మీరే తేల్చుకోవాలి. రెండు చోట్లా పేరు ఉంచుకోవడం మాత్రం 17వ సెక్షన్‌కు విరుద్ధం. నమోదు కోసం అబద్ధపు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలు శిక్షకు అవకాశం ఉంది. మన వాళ్లలో కొందరు దీన్ని తెలివిగా భావిస్తారు కాబట్టి చెబుతున్నాను.

ఇక ఈ ఎన్నికకు మీకు ఆ సందేహం అక్కరలేదు. బెంగళూరులో ఏప్రిల్ 26న పోలింగు, నామినేషన్లు ఏప్రిల్ 4తోనే ముగిశాయి కనుక ఇక్కడి జాబితాలో ఇప్పుడు చేరలేరు. ఈసారి ఊళ్లో వేయడమో, మానుకోవడమో రెండే దారులు. మారాలనుకుంటే తరువాత ఫారం 8 పెట్టుకోండి. వలస వచ్చినవాళ్లు ఉన్న చోటి నుంచే ఓటు వేసే యంత్రాన్ని ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో ప్రతిపాదించి, మరుసటి నెలలో పార్టీలకు చూపబోయింది గాని, ఆ మాట అక్కడే ఆగింది.

జవాబు 2: తనకల్లు ఆడబిడ్డ

అన్నా, నేనూ మీ పక్క మండలం దాన్నే, వైట్‌ఫీల్డులో ఉద్యోగం. కొంచెం కటువుగా అనిపిస్తే మన్నించండి. మీరు ఒక్క రోజు వచ్చి వేసి వెళ్లే ఓటుతో ఐదేళ్లు గడపవలసింది మా నాన్నలాంటివాళ్లు. పోయినసారి నేను కూడా కాలువ, రైలు, పరిశ్రమ అని పెద్ద పెద్ద ఆశలతో వెళ్లాను. వరుసలో నిలుచున్నప్పుడు మా నాన్నను ‘నీకేం కావాలి’ అని మొదటిసారి అడిగాను. విత్తనం కదిరి-6 వేరుశనగ కాయలు వాన పడకముందే చేతికి అందాలని, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరును వారంలోగా మార్చేవాడు కావాలని చెప్పాడు. కాలువ ఊసే ఎత్తలేదు. నేను ఊరు వదిలిన ఏడు ఊళ్లో ఏ మాట నడుస్తుండేదో దాన్నే పట్టుకొని ఇంతకాలం ఓటు వేస్తున్నానని నాకు అప్పుడే తెలిసింది. మీరు తప్పక వెళ్లండి, కానీ ఒక రోజు ముందు వెళ్లి అమ్మను అడగండి.

జవాబు 3: కేఆర్ పురం పాతకాపు

నేను 2013లోనే ఓటును ఇక్కడికి మార్చుకున్నాను. వీధి కాలువ, చెత్త బండి, బోరు నీళ్లు ఇక్కడివే కదా అన్నది నా వాదన. తీరా చూస్తే నగరపాలికకు 2015 తరువాత ఎన్నికలే జరగలేదు. 2020 సెప్టెంబరులో పాలకవర్గం గడువు తీరినప్పటి నుంచి మా వార్డుకు సభ్యుడే లేడు. అయినా నాకు పశ్చాత్తాపం లేదు గాని, ఓటు మార్చుకుంటే ఇక్కడ అంతా మన చేతిలో ఉంటుందని మాత్రం అనుకోకండి.

సెలవు దొరకదేమోనన్న బెంగ ఉంటే, పోలింగు రోజున ఓటరైన ఉద్యోగికి వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలని 1951 ప్రజా ప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ చెబుతోంది. ఊరికి దూరంగా పనిచేసేవారికి కూడా ఇది వర్తిస్తుందని ఎన్నికల సంఘం స్పష్టం చేసింది. ఈమెయిల్‌లో ఆ సెక్షన్ సంఖ్య రాస్తే మేనేజర్లు త్వరగా ఒప్పుకుంటారు.

ప్రశ్న అడిగినవారి జవాబు: చేనుగట్టు

అందరికీ కృతజ్ఞతలు. చెల్లెమ్మ మాట గట్టిగానే తగిలింది. మధ్యాహ్నం అమ్మకు ఫోను చేసి, ‘ఈసారి ఏం కావాలమ్మా’ అని అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, కీళ్ల నొప్పులకు కదిరి పెద్దాసుపత్రికి పోతే మాత్రలు ఇస్తున్నారు గాని, మా ఊరి నుంచి అక్కడికి పొద్దున పూట బస్సు ఆపేశారని చెప్పింది. రెండు నెలలైందట. నాకు తెలియదు.

ఫారం 8 సంగతి ఫలితాలు వచ్చాక, జూన్‌లో ఆలోచిస్తాను. మే 11 శనివారం రాత్రికి రెండు సీట్లు తీసుకున్నాను; పెద్దవాడు కూడా వస్తానంటున్నాడు. ఆ మాట చెబితే అమ్మ అడిగింది: “ఓటు కోసరం వస్తాండావా, నా కోసరమా?”