96 వెల్ ప్లేట్‌లో అంచు వెల్స్ వదిలేయాలా, వాడుకోవాలా?

వైజాగ్_పీహెచ్‌డీ:
ఎంటీటీ అస్సే (బతికున్న కణాలు ఎన్నో రంగును బట్టి కొలిచే పరీక్ష) మొదలుపెడుతున్నాను, క్యాన్సర్ కణాల మీద మందు వేసి 72 గంటలు ఉంచాలి. ప్లేట్ అంచున ఉన్న 36 వెల్స్‌లో (చిన్న గుంటల్లో) పీబీఎస్ (ఉప్పునీటి బఫర్) పోసి లోపలి 60లోనే కణాలు వెయ్యమని మా సీనియర్ అక్క అంటోంది. గైడ్ సార్ ఏమో 96 కొని 60 వాడటమేంటి, ప్లేట్ రేటు తెలుసా అంటున్నారు. మా ల్యాబ్‌లో కంట్రోల్స్ (పోల్చుకోడానికి మందు వెయ్యకుండా ఉంచే వెల్స్) ఎప్పుడూ ఒకటో కాలమ్‌లోనే పెడతారు. ఎవరి మాట వినాలి?

తార్నాక_సెల్స్:
అక్క మాటే వినండి. ఇంక్యుబేటర్‌లో ముందు ఆవిరయ్యేది అంచు వెల్సే, నాలుగు మూలలూ మరీ ఘోరం. వెల్‌లో పోసిన 100 మైక్రోలీటర్లలో కొంత ఎగిరిపోతే ఉప్పులూ మందూ రెండూ చిక్కబడతాయి, 10 మైక్రోమోలార్ అనుకుని వేసింది అక్కడ 10 కాదు. అసలు భయపడాల్సింది ఆ ఒకటో కాలమ్ గురించి. మందు వెయ్యని కణాలే అక్కడ నీరసపడితే, వాటితో పోల్చి లెక్కగట్టిన శాతాలన్నీ పైకి లేస్తాయి, మందు బాగా పనిచేస్తున్నా అంతగా పనిచెయ్యనట్టు కనిపిస్తుంది.

ప్లేట్‌రీడర్570:
కంట్రోల్స్ విషయంలో మీతో ఏకీభవిస్తాను, కానీ 36 వెల్స్ అంటే మూడో వంతు కన్నా ఎక్కువండీ. 384 వెల్స్ ప్లేట్‌లో అంచునే 76 ఉంటాయి, కాంపౌండ్లు స్క్రీన్ చేసేవాళ్ళు అన్నీ వదులుకుంటారా? పైగా ఆవిరి ఒక్కటే కారణం కాదు. కణాలు వేసిన వెంటనే ప్లేట్‌ను 37 డిగ్రీల్లోకి తోసేస్తే అంచులు ముందు వేడెక్కి, మీడియా (కణాలు పెరిగే ద్రవం) లోపల్లోపల కదిలి, కణాలన్నీ వెల్‌లో ఒక పక్కకు పోగవుతాయి. మైక్రోస్కోప్ కింద చూస్తే నెలవంకలా కనిపించేది అదే. దానికి విరుగుడు చాలా తేలిక: గంటసేపు బల్ల మీద గది ఉష్ణోగ్రతలో కదపకుండా ఉంచి ఆ తర్వాత లోపల పెట్టడం. దీని మీద 2003లోనే పేపర్ వచ్చింది. ఇంక్యుబేటర్ ట్రేలో నీళ్ళుండాలి, ప్లేట్ల మీద ప్లేట్లు పేర్చకూడదు. ఇవేవీ చెయ్యకుండా వెల్స్ వదిలేసి ఊరుకుంటే రోగం ఉన్నచోటే ఉంటుంది.

తార్నాక_సెల్స్:
ఆ గంట కణాలు సమంగా కూర్చోడానికి పనికొస్తుంది సరే, 72 గంటల ఆవిరిని అది ఆపుతుందా? మీ ఇంక్యుబేటర్ మీ ఒక్కరిదేమో. మా దగ్గర ఆరుగురికి ఒకటే, ఎవరో ఒకరు తలుపు తీస్తూనే ఉంటారు, తీసిన ప్రతిసారీ తేమ బయటికి పోతుంది. 24 గంటల ప్రయోగమైతే మీ దారికి వస్తాను, మూడు రోజులకు మాత్రం రాను.

ఎలైజా_టెక్:
మధ్యలో వస్తున్నా, మన్నించండి. ఎలైజాలో (యాంటీబాడీల సాయంతో ప్రోటీన్లలాంటివి కొలిచే పరీక్షలో) ఈ గొడవే వేరు, స్టాండర్డ్స్ (గాఢత ముందే తెలిసినవి), శాంపిల్స్ డూప్లికేట్‌లో, అంటే రెండేసి వెల్స్‌లో వేసేసరికి ప్లేటంతా నిండుతుంది, వదిలే సౌకర్యం లేదు. అందుకని సీలర్ గట్టిగా అంటించడం, ప్లేటూ రీఏజెంట్లూ ఫ్రిజ్‌లోంచి తీసి గది వేడికి వచ్చేదాకా ఆగడం, ఇవి తప్పవు. ఇంకోటి, యాంటీబాడీ కోట్ చెయ్యడానికి హై బైండింగ్ (ప్రోటీన్లు గట్టిగా అంటుకునే) ప్లేటే వాడండి. చేతికందిందని కల్చర్ ప్లేట్ తీసుకుని సిగ్నల్ రాలేదని కిట్‌ను తిట్టేవాళ్ళను చూస్తూనే ఉన్నాను.

ప్లేట్‌రీడర్570:
వైజాగ్ తమ్ముడూ, మా వాదన పక్కనపెట్టి ఒక్క ప్లేట్ ఖర్చు చెయ్యి. 96 వెల్స్‌లోనూ అవే కణాలు, అంతే సంఖ్యలో, మందు లేకుండా. 72 గంటలయ్యాక ఎంటీటీ వేసి 570 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీసి, ఎక్సెల్‌లో రంగులు పెట్టి చూడు. అంచు 36 సగటుకీ లోపలి 60 సగటుకీ తేడా మామూలు చెదురులో కలిసిపోతే సార్ మాట, కలవకపోతే అక్క మాట. కంట్రోల్స్‌ను ఏ దారైనా ప్లేటంతా చెదరగొట్టాల్సిందే.

వైజాగ్_పీహెచ్‌డీ:
సోమవారమే వేస్తాను అన్నా, సార్‌కి కూడా ఆ రంగులే చూపిస్తాను.

తార్నాక_సెల్స్:
వేసేటప్పుడు రోజూ పెట్టే షెల్ఫ్‌లోనే పెట్టండి, తలుపు తీసేవాళ్ళను ఆపకండి. ఆ మూడు రోజులూ ప్రత్యేకంగా కాపలా కాస్తే వచ్చే అంకెలు మీ మామూలు ప్రయోగాలకు పనికిరావు.