కీమో అయిపోయి నాలుగేళ్లు దాటింది, ఇప్పుడు పాప చదువులో వెనకబడుతోంది

కోనసీమ అమ్మ:
మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. పాపకి నాలుగో ఏట ఏఎల్ఎల్ రకం బ్లడ్ క్యాన్సర్ వచ్చి తగ్గింది, రక్త పరీక్షలన్నీ బాగున్నాయి. ఇప్పుడు ఆరో తరగతి. బోర్డు మీది లెక్క సగం ఎక్కించుకునేసరికే టీచరు తుడిచేస్తున్నారట, నోట్సు నిండా సగం సగం లైన్లే. నోటితో అడిగితే జవాబు చెప్తుంది, పరీక్ష పేపరు మాత్రం పూర్తి చేయలేదు. మా అత్తగారేమో గారాబం ఎక్కువైందంటారు, ట్యూషన్ మాస్టారు ధ్యాస లేదంటారు. ఇది కీమో వల్లేనా?

భీమవరం నాన్న:
మావాడిదీ ఇదే వరస. నడుం దగ్గర వెన్నులోకి సూది వేసేవారు కదా, అందులో ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్. లుకేమియా కణాలు మెదడులో దాక్కోకుండా అది తప్పదు, కానీ ఫోలేట్ అనే విటమిన్‌ని అడ్డుకునే మందు కాబట్టి ఎదిగే మెదడు మీదా దెబ్బ పడొచ్చు. తెలివి పోవడం కాదండి, వేగం తగ్గుతుంది, ధ్యాస నిలవదు, విన్నది రాసేలోపు జారిపోతుంది. మరీ చిన్నప్పుడు వైద్యం జరిగినా, తలకి రేడియేషన్ ఇచ్చినా ఇంకా ఎక్కువ. పై క్లాసులకొచ్చి చదువు బరువెక్కాకే చాలామందికి బయటపడుతుంది.

కాకినాడ ఫిజియో:
చేతులు కూడా చూపించండి. కీమోలో ఇచ్చే విన్‌క్రిస్టిన్ అనే మందు చేతుల నరాలని దెబ్బతీయొచ్చు, పెన్ను పట్టు సడలి రాత నెమ్మదించిందేమో.

పాలకొల్లు టీచరు:
అన్నీ కీమో మీదకే తోసేయొద్దమ్మా. వైద్యం జరిగిన రోజుల్లో బడి పోయింది, ఎక్కాల దగ్గరే పునాది ఆగిపోయి ఉండొచ్చు. చూపు, వినికిడి, నిద్ర కూడా చూడండి. వైద్యం చేసిన చోటే న్యూరోసైకాలజీ పరీక్ష, అంటే ధ్యాస, జ్ఞాపకం, వేగం ఎలా ఉన్నాయో కొలిచేది, అడగండి, ఇంకో ట్యూషన్ మాత్రం పెట్టకండి, అలిసిపోయిన పిల్లకి అది శిక్షే. రిపోర్టు వచ్చేదాకా ముందు బెంచీ, బోర్డుకి ఫోను ఫొటో, పది లెక్కల బదులు ఐదు, ఇంతవరకూ ఏ టీచరైనా ఒప్పుకుంటారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో నేర్చుకోవడంలో ఇబ్బందులూ ఉన్నాయి. ఆ కోవలోకి వస్తుందో లేదో డాక్టర్లే తేల్చాలి, వస్తే పదో తరగతికి అదనపు సమయం అడగొచ్చు.

కోనసీమ అమ్మ:
ఫైలు బీరువాలో ఉందండి. రేడియేషన్ ఇచ్చారో లేదో అందులో ఉంటుందా?

భీమవరం నాన్న:
డిశ్చార్జి కాగితాల్లో చూడండి. లేకపోతే ఏ మందు మొత్తం ఎంత ఇచ్చారో ట్రీట్‌మెంట్ సమ్మరీ రాసిమ్మనండి, పరీక్ష చేసేవాళ్లు మొదట అదే అడుగుతారు.