ఆటిజం ఉన్న పిల్లలకు థెరపీ, సదరం పత్రం, బడి: మీ అనుభవాలు తెలుపగలరు

కృష్ణాతీరం:
మా బాబుకు ఐదేళ్లు. పిలిస్తే పలకడం లేదని మూడో ఏట అనుమానపడితే, మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయని బంధువులందరూ అన్నారు. ఆ మాట నమ్మి ఏడాదిన్నర పోగొట్టుకున్నాము. ఇప్పుడు ఆటిజం అని తేల్చారు. వారానికి రెండుసార్లు స్పీచ్ థెరపీ కోసం బస్సులో విజయవాడ వెళ్తున్నాము. ముప్పావు గంట థెరపీకి పూటంతా పోతోంది, హారన్ల మోతకు వాడు చెవులు మూసుకుని దారిపొడవునా ఏడుస్తున్నాడు. మండలంలోనే ఏదైనా ఆధారం దొరుకుతుందా? సదరం పత్రం (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువీకరణ పత్రం) తీసుకుంటే బడిలో ముద్ర పడిపోతుందని మా అత్తగారి భయం.

ఓరుగల్లు అమ్మ:
పత్రం తప్పక తీసుకోండి. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలనే గుర్తించింది, వాటిలో ఆటిజం లేదు. 2016 చట్టంలోని 21 వైకల్యాలలో అదీ చేరింది. వైకల్యం 40 శాతానికి తగ్గదని ధ్రువీకరిస్తే 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదివే హక్కు ఉంటుంది. ముద్ర అంటారా, పత్రం లేని రోజుల్లోనూ మా అమ్మాయిని మొండిది అనేవారు! సదరం పరీక్షల శిబిరంలో మూడు గంటలు ఎదురుచూసి లోపలికి వెళ్లేసరికి అది నిద్రపోయింది. నెమ్మదిగానే ఉంది కదా అని తక్కువ శాతం వేశారు. రెండోసారి ఇంట్లో తీసిన వీడియోలు, టీచరు రాసిచ్చిన కాగితం వెంట తీసుకెళ్లాను.

గోదావరి నాన్న:
మా వీడియోలను ఎవరూ చూడలేదు, టీచరు కాగితమే పనికివచ్చింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో కూడా చేర్చండి. ఏటా లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, చేరడానికి ముందు వైద్య పరీక్షలు అడగరు. అయితే డబ్బు ముందు మనమే కట్టి తరువాత బిల్లులు పంపాలి కనుక రసీదులు పారేయకండి.

భవిత మాస్టారు:
అమ్మా, మీ మండల విద్యాశాఖ కార్యాలయంలో భవిత కేంద్రం గురించి అడగండి. ప్రభుత్వ విద్యా పథకం సమగ్ర శిక్ష కింద నడిచే ఈ కేంద్రాలలో మా వంటి ఐఈఆర్పీలు (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే టీచర్లు) పిల్లలతో పనిచేస్తారు, ఫిజియోథెరపిస్టు నిర్ణీత రోజుల్లో వస్తారు. స్పీచ్ థెరపిస్టు అన్నిచోట్లా ఉండరు, ఆ లోటును నేను దాచను. అందుకే విజయవాడ ప్రయాణం పూర్తిగా మానకుండా, అక్కడ చేయించేది ఇంట్లో ఎలా చేయాలో ప్రతిసారీ అడిగి నేర్చుకోండి. ఉదాహరణకు అన్నం పెట్టేటప్పుడు పెరుగు గిన్నె చూపించి కాసేపు ఆగండి. బాబు చేయి చాచినా, మీ వంక చూసినా దానినే అడగడంగా తీసుకుని, "పెరుగు" అని ఒక్క మాట పలికి వెంటనే వడ్డించండి. రోజుకు మూడు పూటలా జరిగే ఈ పని వారానికి రెండుసార్లు జరిగే థెరపీకి తోడు నిలుస్తుంది.

గోదావరి నాన్న:
మాస్టారు చెప్పినది నిజమే గానీ, ఆ మూడు పూటలూ తల్లి ఒక్కతే చేస్తే మా ఇంట్లోలాగే అవుతుంది. రెండేళ్లకు నా భార్య నిద్రకూ మనుషులకూ దూరమైంది. ఇప్పుడు రాత్రి భోజనం, ఆదివారం పూర్తిగా నా వంతు. ఆ ఆదివారాల్లోనే మా పెద్దమ్మాయికి అమ్మ దొరుకుతోంది.

కృష్ణాతీరం:
అందరికీ ధన్యవాదాలు. భవిత కేంద్రం మా ఇంటికి రెండు వీధుల అవతల బడి ఆవరణలోనే ఉన్నదట, ఇన్నాళ్లూ తెలియలేదు. సోమవారం రమ్మన్నారు. అత్తగారు కూడా వస్తానన్నారు. పెరుగు గిన్నె సంగతి ముందుగా ఆవిడకే చెప్పించాలి మాస్టారూ, వాడు అడగకముందే నోట్లో ముద్ద పెట్టేది ఆవిడే.