ఎయిర్‌ఫోర్స్ కథల్లో నిజాలెన్ని, కోతలెన్ని?

సందేహాల సుబ్బు

మా బాబాయ్ ఎయిర్‌ఫోర్స్‌లో 20 ఏళ్లు చేసి రిటైరయ్యాడు. కబుర్లలో పడితే ఇక ఆగడు. వినడానికి భలేగా ఉంటాయి కానీ అందులో ఆయన కళ్లారా చూసింది ఎంత, మెస్‌లో విన్నది ఎంత, అప్పటికప్పుడు అల్లింది ఎంత అనేది మా ఇంట్లో ఎవరికీ అంతుపట్టదు. మొన్న ఒక్క రాత్రిలోనే నాలుగు వదిలాడు. నెట్‌లో వెతికితే ఒక్కోచోట ఒక్కోలా ఉంది, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

అమెరికా వాళ్ల గూఢచారి విమానం ఎస్‌ఆర్-71 బ్లాక్‌బర్డ్ నేల మీద ఉన్నంతసేపూ ఇంధనం కారుతూనే ఉంటుందట, అంతా కారిపోతుంది కాబట్టి పైకి లేవగానే గాల్లోనే మళ్లీ నింపుకోవాలట. వాళ్లదే ఏ-10 అనే యుద్ధవిమానం గన్ పేలిస్తే ఆ తాకిడికి విమానం గాల్లో నిలబడిపోతుందట. ఒక పైలట్ ఇక లాభం లేదని ఎజెక్ట్ అయిపోతే, అంటే సీటుతో సహా బయటికి దూకేస్తే, ఖాళీ విమానం బుద్ధిగా తనంతట తానే దిగిందట. చివరిది మరీ విడ్డూరం. ఎవరో పెద్దాయన్ని ఫైటర్‌లో సరదాగా తిప్పుదామని ఎక్కిస్తే, ఆయన హడలిపోయి చేతికి దొరికిందేదో పట్టుకున్నాడట, తీరా అది ఎజెక్షన్ హ్యాండిల్ అట!

దీనికి మేమంతా పగలబడి నవ్వితే బాబాయ్ అలిగి వెళ్లి పడుకున్నాడు. తెలిసినవాళ్లు కాస్త తేల్చండి.

మాక్ మూర్తి

నాలుగింట్లో రెండు పూర్తిగా నిజం, ఒకటి సగం నిజం, ఒకటి కోత. మీ బాబాయ్‌కి మంచి మార్కులే వచ్చాయి. నాకు బ్లాక్‌బర్డ్ పిచ్చి కాబట్టి దాని సంగతి చెప్తా, మిగతావి వేరేవాళ్లు చూసుకుంటారు.

కారడం నిజమే. ఆ విమానంలో ట్యాంకు అని విడిగా ఏదీ ఉండదు, పైనున్న రేకే ట్యాంకు గోడ. అతుకుల్లో సీలెంట్ పూస్తారు. శబ్దానికి మూడు రెట్ల వేగం దాటేసరికి గాలి రాపిడికి ఒళ్లంతా 250 డిగ్రీల సెల్సియస్ పైన కాగుతుంది, లోహం సాగుతుంది, దిగాక చల్లబడి మళ్లీ ముడుచుకుంటుంది. ప్రతి ట్రిప్పుకీ ఇదే తంతు అయితే ఏ సీలెంట్ తట్టుకుంటుంది? కొన్నాళ్లకి పగుళ్లు, అక్కడినుంచి చుక్కలు. మొత్తం గీకి మళ్లీ పూయాలంటే చాలా రోజుల పని. అందుకని ఏ భాగం నుంచి నిమిషానికి ఎన్ని చుక్కలు పడితే పర్వాలేదో ఒక లెక్క పెట్టుకున్నారు, గ్రౌండ్ క్రూ ఆ చుక్కలు లెక్కపెట్టేవాళ్లు. కింద మడుగు కట్టినా పెద్ద భయం లేదు, ఎందుకంటే ఆ జేపీ-7 ఇంధనం అగ్గిపుల్లకి కూడా అంత తేలిగ్గా అంటుకోదు. మరి ఇంజిన్ ఎలా ముట్టిస్తారు అంటారా, దానికి టీఈబీ అని వేరే రసాయనం, గాలి తగిలితే చాలు భగ్గుమంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు వెనకనుంచి ఆకుపచ్చ మంట కనిపించేది అదే.

కోత ఎక్కడంటే, "కారిపోయింది కాబట్టి గాల్లో నింపుకున్నారు" అన్నదగ్గర. కారేది కొంతే. అసలు వాళ్లు ట్యాంకులు సగంలో ఉంచుకునే లేచేవాళ్లు. నిండా నింపుకుని పరుగెడుతుండగా ఒక ఇంజిన్ పోయిందనుకోండి, ఆ బరువుతో పైకీ లేవలేరు, టైర్లు, బ్రేకులు ఆపనూ లేవు. ఇంకో కారణం కూడా ఉంది. ట్యాంకులో ఖాళీ ఉంటే అక్కడ గాలి ఉంటుంది, వేడెక్కిన ఇంధనం పైన గాలి ఉండటం ప్రమాదం. పైకెళ్లి ట్యాంకర్ దగ్గర గొంతుదాకా నింపుకుంటే ఆ గాలి బయటికి పోతుంది, ఆ తర్వాత ఇంధనం తగ్గేకొద్దీ ఖాళీలోకి నైట్రోజన్ వదులుతారు. అప్పుడే గేరు మార్చి మాక్ 3 వైపు వెళ్లేది.

ఇది అడక్కపోయినా చెప్పాలి, నాకు అన్నిటికంటే నచ్చిన కథ. బ్లాక్‌బర్డ్ దాదాపు మొత్తం టైటానియం. ఆ రోజుల్లో అమెరికాకి కావలసినంత టైటానియం దొరక్క, నకిలీ కంపెనీలు పెట్టి సోవియట్ యూనియన్ నుంచే కొన్నారు, అంటే ఎవరిమీద గూఢచర్యం చేయాలో వాళ్ల సరుకుతోనే విమానం కట్టారన్నమాట. సరే, కడుతుంటే ఒక వింత ఎదురైంది. ఎండాకాలంలో వెల్డింగ్ చేసిన ముక్కలు త్వరగా విరిగిపోతున్నాయి, చలికాలంలో చేసినవి గట్టిగా ఉంటున్నాయి. అదే మనిషి, అదే మెషీన్. తవ్వి తవ్వి చూస్తే నీళ్లు! వేసవిలో నాచు పట్టకుండా బర్‌బ్యాంక్ ఊరి కుళాయి నీళ్లలో క్లోరిన్ ఎక్కువ కలిపేవాళ్లు, ముక్కలు కడిగేది ఆ నీళ్లతోనే, క్లోరిన్‌కీ టైటానియంకీ పడదు. అప్పటినుంచి డిస్టిల్డ్ వాటర్‌తో కడగడం మొదలుపెట్టారు. అలాగే కాడ్మియం పూత ఉన్న స్పానర్లతో బిగిస్తే బోల్టుల తలలు ఊడి పడుతున్నాయని టూల్‌బాక్సులన్నీ వెతికి ఆ స్పానర్లు ఏరిపారేశారు.

బుల్లెట్ బుజ్జి

ఏ-10 నాది. నిలబడిపోవడం కోత 😀

కానీ కోతకి మూలం ఉంది. ఆ గన్‌కి ఏడు గొట్టాలు, 30 మి.మీ. గుండ్లు, నిమిషానికి 3,900 చొప్పున. వెనక్కి తన్నే బలం ఏ-10కి ఉన్న రెండు ఇంజిన్లలో ఒకదాని తోపు కంటే కాస్త ఎక్కువే. ఆ లెక్క విన్నవాడెవడో "అయితే ఆగిపోతుంది" అని కలిపేసి ఉంటాడు. విమానం అప్పటికే దూసుకెళ్తోంది, ఇంజిన్లు రెండూ తోస్తూనే ఉన్నాయి, పైలట్ నొక్కేది ఒకట్రెండు సెకన్లు. వేగం పిసరంత తగ్గుతుంది అంతే. అయినా ఉన్నవి 1,174 గుండ్లే, పట్టుకుని కూర్చుంటే 18 సెకన్లలో మొత్తం ఖాళీ.

నిజంగా వచ్చిన తలనొప్పి వేరే. గన్ పొగ ఇంజిన్లలోకి పోయి అవి ఆరిపోయే ప్రమాదం ఉండేది. అందుకని ట్రిగ్గర్ నొక్కగానే ఇంజిన్ ఇగ్నైటర్లు కూడా వెలిగేలా కలిపేశారు. ఇంకోటి, ముందునుంచి ఫొటో చూడండి, ముందు చక్రం మధ్యలో ఉండదు, పక్కకి జరిగి ఉంటుంది. గుండు వదిలే గొట్టం సరిగ్గా మధ్యలో ఉండాలని చక్రాన్నే తప్పుకోమన్నారు.

పాత ఫిట్టర్

సుబ్బూ, ముందు మీ బాబాయ్‌కి సారీ చెప్పు. ఆ నాలుగోది అక్షరాలా జరిగింది. 2019 మార్చిలో, ఫ్రాన్స్‌లో, సెయింట్ డిజియే బేస్ నుంచి. ఆయన వయసు 64. ఫైటర్ ఎక్కాలని ఆయన ఎప్పుడూ కోరుకోలేదు పాపం, తోటి ఉద్యోగులు సర్‌ప్రైజ్ అని ఏర్పాటు చేశారు. చేతి వాచీలో గుండె లెక్క చూస్తే బయలుదేరకముందే నిమిషానికి 136 నుంచి 142 కొట్టుకుంటోంది. రఫేల్ లేవగానే నిట్టనిలువుగా ఎక్కింది, తర్వాత పైలట్ ముక్కు సమం చేసేసరికి ఒళ్లు తేలిపోయింది. బెల్టులు వదులుగా ఉన్నాయి. మనిషి సీట్లోంచి పైకి లేచిపోతుంటే ఏం చేస్తాడు, కాళ్ల మధ్య ఉన్నదాన్ని పట్టుకున్నాడు. కానోపీ, అంటే కాక్‌పిట్ పైనుండే అద్దం మూత, పగిలింది, ఆయన సీటుతో సహా బయటికి ఎగిరిపోయాడు, హెల్మెట్ కూడా ఊడిపోయింది, అయినా పెద్ద దెబ్బలు లేకుండా దిగాడు. మామూలుగా అయితే ఒకరు లాగితే ఇద్దరూ బయటికి వెళ్లాలి, ఏదో లోపం వల్ల పైలట్ సీటు పేలలేదు. ఆ పైలట్ టాప్ లేని విమానాన్ని, ఎప్పుడు పేలుతుందో తెలియని సీటు మీద కూర్చుని తీసుకొచ్చి దింపాడు. నాకైతే ఇందులో హీరో ఆ పైలటే.

ఇక్కడ బెల్టు బిగించినవాడి గురించి ఆలోచించాను నేను. ఎందుకంటే మా పని అదే. నేను ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌ని, చాలాకాలం మిగ్-21 మీద చేశాను. పైలట్ కూర్చున్నాక నిచ్చెన మీద నిలబడి బెల్టులు చూడాలి, ఎజెక్షన్ సీటు పొరపాటున పేలకుండా పెట్టే పిన్నులు తీయాలి, తీసిన పిన్నుల్ని చేతిలో పరిచి పైలట్‌కి చూపించాలి, ఆయన కళ్లతో లెక్కపెట్టుకుని తలూపాలి. ఎంత తొందరున్నా ఇందులో ఒక్కటి తగ్గదు. దిగాక అదే పని చివరినుంచి మొదటికి.

ఒకటి చెప్తాను, ఇది నా సొంతది, ఎక్కడ అని అడగొద్దు. సర్వీసులో రెండో ఏడు. రాత్రి ఫ్లయింగ్‌కి ముందు ఇంటేక్, అంటే ఇంజిన్‌కి గాలి వెళ్లే గొట్టం, లోపల చూస్తుంటే చిన్న ఇన్‌స్పెక్షన్ అద్దం, కర్రకి ఉంటుంది చూశావా, జారి పడి ముక్కలైంది. ఎవరూ చూడలేదు. ఒక్క క్షణం ఏరేసి నోరు మూసుకుందామా అనిపించింది, అబద్ధం చెప్పను. చెమటలు పట్టేశాయి. సీనియర్‌కి చెప్పాను. ఆయన తిట్టలేదు. ఒక అట్ట ముక్క తెచ్చి, "దీనిమీద అతికించు, అద్దం పూర్తయ్యాక పిలు" అని వెళ్లిపోయాడు. కూర్చుని ఒక్కొక్క ముక్కా బంకతో అతికించాను. పూర్తవలేదు. అంచు దగ్గర గోరులో సగమంత ఖాళీ, ఆ ముక్క ఇంజిన్‌లోకి పోతే అంతే సంగతులు. ఆ విమానం ఆ రాత్రి ప్రోగ్రామ్‌లోంచి పోయింది, ఎగరడానికి సిద్ధమని రాసే ఫారం 700 మీద సంతకం పడలేదు. నలుగురం టార్చ్‌లైట్లు పట్టుకుని ఇంటేక్ లోపల పాకుతూ వెతికాం, ఆ సందులో మనిషి పట్టడమే కష్టం, సన్నగా ఉన్నానని నన్నే ఎక్కువసార్లు తోశారు. తెల్లవారుజామున దొరికింది, నా బూటు అడుగున గాడిలో ఇరుక్కుని. పాకిన ప్రతిసారీ బూట్లు విప్పి బయటే పెట్టాను కాబట్టి ఎవరూ అటు చూడలేదు. ఆ అట్టని సీనియర్ చాలా రోజులు సెక్షన్ గోడకి తగిలించి ఉంచాడు.

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు పలుకుతుంటే టీవీలో చూశాను. 1963లో వచ్చిన విమానం. అందరూ ఆకాశంలోకి చూస్తుంటే నా కళ్లు ఇంటేక్ మీదే ఉన్నాయి.

మాక్ మూర్తి

ఫిట్టర్ గారూ, అద్దం కథ ముందు నా బ్లాక్‌బర్డ్ ఎందుకూ పనికిరాదు 🙏

గాలిపటం

మూడోది మిగిలింది కదా. నిజం. 1970 ఫిబ్రవరి 2, అమెరికాలో మోంటానా, విమానం ఎఫ్-106, పైలట్ గ్యారీ ఫౌస్ట్. డాగ్‌ఫైట్ ప్రాక్టీసులో ఉండగా ఫ్లాట్ స్పిన్‌లో పడింది, అంటే ముక్కు కిందికి పోకుండా బల్లపరుపుగా గింగిరాలు తిరుగుతూ పడిపోవడం. ఏం చేసినా రాలేదు, ఎజెక్ట్ అయ్యాడు. ఆయన అలా వెళ్లగానే స్పిన్ ఆగిపోయి విమానం హాయిగా ఎగరసాగింది. పక్క విమానంలో ఉన్నాయన రేడియోలో "నువ్వు మళ్లీ ఎక్కడం మంచిదేమో" అన్నాడని చెప్తారు. ఫౌస్ట్ పారాచ్యూట్‌కి వేలాడుతూ తన విమానం తనని వదిలేసి పోవడం చూస్తున్నాడు, అది వెళ్లి వెళ్లి మంచు కప్పిన పొలంలో పొట్ట మీద దిగింది.

అసలు నవ్వు ఆ తర్వాత. ఇంజిన్ ఇంకా నడుస్తోంది, మంచు కరిగినప్పుడల్లా విమానం కొంచెం కొంచెం ముందుకి జరుగుతోంది. వచ్చిన షెరీఫ్ ఎయిర్‌బేస్‌కి ఫోన్ చేసి దీన్ని ఎలా ఆపాలి అని అడిగితే, ఇంధనం అయ్యేదాకా వదిలేయమన్నారు. గంటా నలభై అయిదు నిమిషాలు పట్టింది. రిపేరు చేసి మళ్లీ ఎగరేశారు కూడా. ఇప్పుడు ఓహాయోలో డేటన్ మ్యూజియంలో ఉంది.

అన్నీ ఇలాగే ముగియవు మరి. 1989 జూలై 4న పోలండ్‌లో ఒక సోవియట్ మిగ్-23 పైలట్ లేవగానే ఇంజిన్ పోయిందనుకుని దూకేశాడు. ఇంజిన్ మళ్లీ అందుకుంది. విమానం ఒంటరిగా 900 కిలోమీటర్లు, రెండు జర్మనీలు, నెదర్లాండ్స్ దాటి, ఇంధనం అయిపోయి బెల్జియంలో ఒక ఇంటి మీద పడింది. ఇంట్లో ఉన్న కుర్రాడు చనిపోయాడు. అమెరికన్ ఎఫ్-15లు పక్కనే వెళ్తున్నాయి, కాక్‌పిట్ ఖాళీ అని చూశాయి కూడా, కానీ కింద ఊళ్లున్నాయి, ఎక్కడ కూల్చాలి?

కొత్తగా వచ్చా

స్పిన్ ఆగడానికి పైలట్ దూకడం కారణమా, కాకతాళీయమా? మనిషి బరువెంత, విమానం బరువెంత...

గాలిపటం

బరువు ఒక్కటే కాదు. సీటు రాకెట్‌తో పైకి పోతుంది కదా, ఆ తన్నుకి ముక్కు కిందికి దిగింది. మనిషీ, సీటూ, కానోపీ పోయేసరికి బరువు సమతూకం కూడా మారింది. పైగా స్పిన్‌లోంచి బయటపడే ప్రయత్నంలో ఆయన అప్పటికే ట్రిమ్, అంటే స్టిక్ వదిలేసినా విమానాన్ని ఒక తీరులో ఉంచే అమరిక, టేకాఫ్‌కి పెట్టి ఉంచాడు. ముక్కు దిగి గాలి సరిగ్గా తగిలేసరికి ఆ ట్రిమ్ మీద తనే నిలబడింది.

బుల్లెట్ బుజ్జి

ఇది కూడా వేసుకోండి, బాబాయ్‌కి కొత్త స్టాక్. 1956 సెప్టెంబర్ 21, గ్రమ్మన్ టెస్ట్ పైలట్ టామ్ యాట్రిడ్జ్ ఎఫ్11ఎఫ్ టైగర్‌లో సముద్రం వైపు గన్ పేల్చి, ముక్కు ఇంకా దించి వేగంగా డైవ్ చేశాడు. గుండ్లు గాలికి నెమ్మదించాయి, ఈయన నెమ్మదించలేదు, కిందికొచ్చి వాటినే గుద్దుకున్నాడు. పక్షి తగిలిందనుకున్నాడట. తన గుండ్లతో తననే కూల్చుకుని ప్రాణాలతో బయటపడ్డాడు.

సందేహాల సుబ్బు

అందరికీ థాంక్స్. మొత్తం బాబాయ్‌కి చదివి వినిపించాను. రఫేల్ దగ్గర "చూశావా" అని మా పిన్ని వైపు ఒక చూపు చూశాడు. ఇంధనం సంగతి మాత్రం ఒప్పుకోవట్లేదు. అద్దం కథ విని చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఆ అట్ట పద్ధతి మాకూ ఉండేది" అన్నాడు. ఆ వెంటనే అయిదోది వదిలాడు: రష్యా వాళ్ల టీయూ-22 బాంబర్‌లో చల్లబరచడానికి ఆల్కహాల్ వాడేవాళ్లని, గ్రౌండ్ క్రూ దాన్ని తాగేసేవాళ్లని, విమానానికి "సారా బండి" అని పేరని. ఇదీ నిజమేనా?

పాత ఫిట్టర్

నిజమే. ఆల్కహాల్, డిస్టిల్డ్ వాటర్ కలిపిన మిశ్రమం, కాక్‌పిట్ చల్లగా ఉంచే సిస్టమ్ కోసం. వాళ్ల భాషలో పేరు కూడా దాదాపు అదే అర్థం. మిగ్-25కీ ఇలాంటి పేరే ఉంది.

ఇంతకీ అడగడం మర్చిపోయాను, బాబాయ్ గారిది ఏ ట్రేడ్? ఇంజినా, ఆర్మమెంటా?

సందేహాల సుబ్బు

రెండూ కాదండీ. ఎక్విప్‌మెంట్ అసిస్టెంట్. స్టోర్స్.

పాత ఫిట్టర్

స్టోర్సా! అయితే స్పిరిట్ ఎంత ఇష్యూ అయ్యేదో, అందులో విమానం దాకా ఎంత వచ్చేదో నన్నడుగుతావేంటి, ఆయన్నే అడుగు.